అత్తయ్య కళ్ళు మూసుకున్న వేసవి

మా అత్తగారికి చెవుడు వచ్చి అప్పటికే చాలా ఏళ్ళయింది. అయినా ఆవిడ దగ్గర రహస్యం దాచడం మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు. పెదవులు కదిలితే చాలు, మాట పట్టేసేది. వీధికి అవతలి కిటికీలో ఇద్దరాడవాళ్ళు గుసగుసలాడుకుంటుంటే మా వంటింట్లో కూర్చుని, "ఆ లావుపాటావిడ మొగుడు మళ్ళీ తాగొచ్చాట్ట" అని మాకు చెప్పేది. చెవిటివాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, ఆ మాట ఆ లావుపాటావిడకి కూడా వినబడేది.

వినకూడదనుకున్నప్పుడు మాత్రం కళ్ళు మూసుకునేది. అంతే, ఇక ఆవిడ ముందు మొత్తుకున్నా, గంతులేసినా లాభం లేదు. మొదటి ప్రపంచయుద్ధానికి రెండేళ్ళ ముందు వచ్చిన ఆ వేసవిలో, కన్నకొడుకు ఎప్పుడు నోరు తెరిచినా ఆవిడ కళ్ళు మూసుకుంది.

ఆవిడ పేరు ఎర్నెస్టీన్ బ్రెనెకె. ఒకప్పుడు రాణి వేషాలకి పెట్టింది పేరు. ఎన్ని ఊళ్ళలో ఎన్ని నాటకాలాడినా, ఒక్కసారి కూడా ప్రాంప్టర్ వైపు చూడని మనిషి. స్టేజీ ముందంచున నేలలోకి దిగి చిన్న గూడు ఉంటుంది, మాట మర్చిపోయినవాళ్ళకి అందించడానికి ప్రాంప్టర్ అందులో పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ప్రేక్షకులకి కనబడదు, నటులకి కనబడుతుంది. నేను కూర్చున్నది అక్కడే. ఆవిడ కొడుకు లోథార్ నన్ను చేసుకుంటానన్నప్పుడు ఆవిడ అన్న మాట కాసెల్ ఊరంతా చెప్పుకుని నవ్వుకుంది: "బ్రెనెకెలు ఎప్పుడూ చూడని చోట వీడు పెళ్ళాన్ని వెతుక్కున్నాడు."

నేనూ నవ్వాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు మరి.

రెండు శీతాకాలాలుగా లోథార్‌కి మాటలు జారిపోతున్నాయి. మొదట పేర్లు, తర్వాత వాక్యాలు, ఆ తర్వాత పేజీలకి పేజీలు. ఇంట్లో బాగానే ఉండేవాడు. దీపాల ముందుకి వెళ్ళగానే నోరు తెరిచి ఆగిపోయేవాడు. చూపు నా గూటి వైపు దిగేది. నేను అందించేదాన్ని. మొదట పదం, తర్వాత వాక్యం, చివరికి వేషమంతా. గుసగుసతో సరిపోక గొంతు పెంచాల్సి వచ్చేది.

మట్టల ఆదివారంతో సీజను ముగిసింది. అంతకు ముందురోజు నాటకశాల డైరెక్టరు ష్టూబ్నర్ మా ఇద్దర్నీ గదికి పిలిచాడు. మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు.

"బ్రెనెకె గారూ, మా జనం టిక్కెట్టు కొంటున్నది మీ గొంతు వినడానికి. మీ ఆవిడ గొంతు వినడానికి కాదు" అన్నాడు.

వచ్చే సీజనుకి ఒప్పందం లేదు. మెట్లు దిగుతూ లోథార్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"అమ్మకి చెప్పకు."

"మరేం చెబుతావు?"

"నేనే మానేశానని చెబుతాను. బెర్లిన్లో సినిమావాళ్ళు పిలుస్తున్నారు కదా, దానికి పోతున్నానంటాను."

"సినిమా అంటే ఆవిడకి సంతలో ఎలుగుబంటి ఆట లోథార్."

"డబ్బుకి ఆశపడ్డానని తిట్టనీ. మతి పోతోందని జాలిపడితే మాత్రం నేను తట్టుకోలేను. నాకు మాటివ్వు ఆల్వీన్."

ఇచ్చాను. అయితే ఆ మెట్ల మీదే ఇంకో సంగతి నాలో నేను గట్టిగా అనుకున్నాను. ఈ మనిషికి నటన తప్ప ఇంకేమీ రాదు. ఈయన నటుడుగానే ఉండాలి. స్టేజీ మీద కాకపోతే సంతలో, సంతలో కాకపోతే వీధి చివర. అది నేను చూసుకోవాలి.

బెర్లిన్లో రెండు గదులు తీసుకున్నాం. అప్పటిదాకా వేరే ఊళ్ళో ఉన్న అత్తయ్య కూడా మా దగ్గరికి వచ్చేసింది. మొదటిరోజే, బంగాళాదుంపలూ ఉప్పుచేపా ముందు పెట్టుకుని, లోథార్ తల్లికి ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆవిడ ముల్లు తీస్తున్నదల్లా ఆగింది.

"ఏ సినిమా? సంతలో గడ్డమున్న ఆడదాన్నీ, రెండు తలల దూడనీ చూపిస్తారే, దాని పక్క గుడారంలో వేసేది, అదేనా?"

"ఇప్పుడు గుడారాలు కాదమ్మా, హాళ్ళు కట్టారు."

"నాటకశాలలవాళ్ళంతా ఒక్కటై, బొమ్మలో కనబడినవాణ్ణి మళ్ళీ స్టేజీ ఎక్కనివ్వకూడదని తీర్మానించుకున్నారు. ఆ సంగతి తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే వచ్చావా?"

లోథార్ కంచంలోకి చూశాడు. తల్లికి పెదవులు కనబడవని గుర్తొచ్చి మళ్ళీ తలెత్తాడు. "డబ్బు బాగా ఇస్తారమ్మా" అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకునే ముల్లు తీసి, చేప తినేసి, తడుముకుంటూ లేచి పక్క గదిలోకి వెళ్ళింది.

*

సినిమా తీసే చోటు ఒక పెద్ద మేడ పైకప్పు మీద ఉండేది. గోడలూ గాజే, కప్పూ గాజే. ఎండే వాళ్ళ దీపం. అందుకే ఆ పనంతా వేసవిలో జోరుగా సాగేది. మనుషులు లోపల ఉడికిపోయేవారు. డైరెక్టరు పోల్కే అంతకుముందు గొడుగుల వ్యాపారం చేశాడట. నోటిదురుసు మనిషే గాని మనసులో ఏమీ ఉంచుకోడు.

మొదటిరోజు లోథార్ ఎప్పటిలాగే రంగు వేసుకున్నాడు. స్టేజీ దీపాలకి వెలవెలబోకుండా బుగ్గలకి బాగా ఎరుపు పూశాడు. పాతికేళ్ళుగా చేస్తున్న పనే కదా. కెమెరాకి ఎరుపంటే నలుపని మాకు ఎవరు చెప్పారు? మర్నాడు ఆ ముక్క వేసి చూపించారు. నా మొగుడి రెండు బుగ్గలకీ రెండు బొక్కలు.

"ఈయన మొహానికి ఎలకలు పట్టాయా ఏంటి?" అన్నాడు పోల్కే.

మొహం కడిగించి, పాలిపోయిన పసుపు రంగు పూయించారు. అక్కడితో అయిందా, లేదు. కెమెరా హ్యాండిల్ తిప్పడం మొదలెట్టగానే లోథార్ చూపు నేల మీదికి పోయేది. ప్రతిసారీ, ముందువైపు, సరిగ్గా మధ్యకి.

"బ్రెనెకె గారూ, కింద ఏమైనా పారేసుకున్నారా? చెబితే మనవాళ్ళందరూ వెతుకుతారు."

అంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన వెతుకుతున్నది నన్ను.

మిగతా నటులకి మాటలతో పనే లేదు. మూగబొమ్మ కదా, నోరు కదిలితే చాలు. కథానాయిక వేసే పిల్ల ప్రియుడి గుండె మీద వాలిపోయి, కళ్ళనిండా నీళ్ళతో, "నిన్నటి బంగాళాదుంపల కూరలో ఉల్లిపాయలెక్కువై పొద్దున్నించీ కడుపులో ఒకటే మంట" అనేది. చూసేవాళ్ళకి గుండె తరుక్కుపోయేది. లోథార్‌కి అలా చేతకాదు. సరైన మాట నోట్లో ఉంటే తప్ప ఆయన మొహం కదలదు.

నేను లేచి వెళ్ళి కెమెరా పక్కన నిలబడ్డాను.

"ఇటు చూడు లోథార్" అన్నాను. ఆయన తలెత్తాడు. "చెప్పు: పడవ బయల్దేరినప్పుడు గాలి లేదు."

"పడవ బయల్దేరినప్పుడు గాలి లేదు" అన్నాడు లోథార్. ఆ మాటతో మొహంలోకి ఆయన వెయ్యాల్సిన ఓడ కెప్టెను వచ్చేశాడు.

"ఎవరీవిడ, అరుస్తోంది?" అన్నాడు పోల్కే.

"ఆయన ప్రాంప్టర్ని."

"అమ్మా తల్లీ, ఇది మూగబొమ్మ."

"మూగదే కదండీ. ఎంత గట్టిగా అరిచినా ఎవరికీ వినబడదుగా."

పోల్కే నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "ఆవిడకో కుర్చీ వెయ్యండ్రా" అన్నాడు.

కుర్చీ నాకు అక్కర్లేకపోయింది. జీవితమంతా గూట్లో వంగి కూర్చుని గుసగుసలాడినదాన్ని, పట్టపగలు, నలుగురి ముందూ నిలబడి, నోరారా అరుస్తున్నాను. బొమ్మకి రాసిన కథలో ఎవరు ఎటు నడవాలో ఉండేది గాని మాటలు ఉండేవి కావు. అవి కూడా నేనే కల్పించాను. అబద్ధం ఎందుకు, ఆ ఆనందం నాకు పెళ్ళినాడు కూడా కలగలేదు.

*

ఇంట్లో మాత్రం ఆవిడ కళ్ళు మూసుకునే ఉంది. నాతో మాట్లాడేది, కాఫీ పల్చగా ఉందనీ, పెరుగు మరీ పులిసిందనీ. లోథార్ గుమ్మంలోకి రాగానే రెప్పలు పడిపోయేవి. ఆయన చొక్కాకి గుండీ ఊడితే కుట్టిపెట్టేది, మొహం చూడకుండా చేతికిచ్చేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఎన్నాళ్ళిలా అత్తయ్యా?" అని ఒకసారి ఆవిడ ఎదుటికి వెళ్ళి అడిగాను.

"వాడు మళ్ళీ స్టేజీ ఎక్కేదాకా."

"అక్కడ చేస్తున్నదీ నటనే."

"మాట లేనిది నటన ఎలా అవుతుందే? మాట లేనివాడు నటుడు కాడు, చేలో దిష్టిబొమ్మ. నా కడుపున పుట్టినవాడు మాట అమ్ముకున్నాడు." ఆవిడ గొంతు తగ్గించి అన్నాననుకుంది. పక్క గదిలో లోథార్ అద్దం ముందు మెడపట్టీ కట్టుకుంటున్నాడు. అది కట్టుకోవడం అయ్యాక కూడా చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

జూలైలో ఒక ఆదివారం ఆయనే తెగించాడు. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "అమ్మా, నీకో సంగతి చెప్పాలి" అన్నాడు. 'అమ్మా' దగ్గరే ఆవిడ కళ్ళు మూతపడ్డాయి. ఆయన ఆవిడ చేతులు పట్టుకున్నాడు. ఆవిడ చేతులు లాక్కోలేదు, కళ్ళూ తెరవలేదు. చెరీ పళ్ళు అమ్మేవాడు వీధిలో అరుచుకుంటూ పోయాడు. లోథార్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"చెప్పేద్దామనే అనుకున్నాను" అన్నాడు నాతో.

"నేను చెప్పనా?"

"వద్దు. మాటిచ్చావు."

*

బొమ్మలో ఓడ మునిగిపోయింది. కెప్టెను ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఓడ యజమాని ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ ఘట్టానికి పోల్కే కెమెరాని బాగా దగ్గరికి జరిపించాడు. లోథార్ తలా భుజాలూ తప్ప ఇంకేమీ పట్టనంత దగ్గరికి.

"ప్రాంప్టరమ్మా, ఈసారి మీరు వద్దు" అన్నాడు నాతో. "ఇంత దగ్గరలో ఆయన చూపు మీవైపు తిరిగితే తెరమీద ఇట్టే దొరికిపోతుంది. మీరు ఆ పక్కన వేలాడే గుడ్డ వెనక్కి వెళ్ళండి, నోరు కూడా మెదపొద్దు."

"ఆయన నేను లేకుండా..."

"ఎండ పోతోందమ్మా!"

గుడ్డ వెనక్కి వెళ్ళాను. ఒక చిరుగులోంచి చూస్తున్నాను. హ్యాండిల్ తిరుగుతోంది. లోథార్ నిలబడ్డాడు. పెదవులు విడివడ్డాయి, మాట రాలేదు. కనురెప్పలు నేలవైపు వాలబోయి, మళ్ళీ లేచాయి. నా నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"మాట్లాడండి బ్రెనెకె గారూ! ఏదో ఒకటి!" అని పోల్కే అరిచాడు.

లోథార్ మాట్లాడాడు.

"అమ్మా, నేను మానుకుని రాలేదు. నన్ను పంపేశారు. మాటలు నిలవడం లేదమ్మా. పొద్దున్న చదివింది సాయంత్రానికి ఉండటం లేదు. డబ్బు కోసం వచ్చానని నీకు అబద్ధం చెప్పాను. భయపడి చెప్పాను. కానీ నాకు ఇంకా చెయ్యాలని ఉంది. స్టేజీ లేకపోతే ఇక్కడే చేస్తాను. నా కాళ్ళమీద నేను నిలబడగలిగినన్నాళ్ళు చేస్తాను. నువ్వు చూసినా చూడకపోయినా."

గొంతు ఎత్తలేదు, చెయ్యి కదపలేదు. ఎదురుగా ఓడ యజమాని వేషంలో ఉన్న ముసలాయన తను చెప్పాల్సిన బంగాళాదుంపల సంగతి మర్చిపోయి నోరు వెళ్ళబెట్టాడు. హ్యాండిల్ ఆగింది.

"ఏం చెప్పారో నాకక్కర్లేదు" అన్నాడు పోల్కే, నుదురు తుడుచుకుంటూ. "ఇదే కావాలి. మళ్ళీ తియ్యను."

మధ్యాహ్నం కొవ్వు రాసిన రొట్టె తింటూ లోథార్ తేలిగ్గా కనిపించాడు. ఎన్నో నెలల తర్వాత రొట్టె మొత్తం తిన్నాడు.

"బొమ్మకి నోరు లేకపోవడం ఎంత సుఖమో" అన్నాడు.

"మీ అమ్మకి చెవులతో పని లేదు లోథార్" అన్నాను.

ఆయన నమలడం ఆపేశాడు. "ఆవిడ ఆ హాళ్ళలో కాలు పెట్టదు. ఒట్టేసుకుంది" అన్నాడు. "ఆ ముక్క తీసేయించమంటావా?" అని కూడా అడిగాడు.

"నువ్వు చేసినవాటిలో అంత బాగా చేసింది ఇంకోటి లేదు. తీసేయిస్తే నేను ఊరుకోను."

*

ఆగస్టు చివర్లో బొమ్మ మా వీధి మలుపులో ఉన్న హాల్లోకే వచ్చింది. గోడమీద లోథార్ పేరు మూరెడు అక్షరాల్లో ఉంది. అత్తయ్య ఆ గోడ పక్కనుంచి నడవడం మానేసి, చుట్టు తిరిగి కూరలకి వెళ్ళేది.

ఒక మధ్యాహ్నం లోథార్ గాజుశాలలో ఉండగా, ఆవిడ నల్లపట్టు గౌను వేసుకుని, టోపీ పెట్టుకుని, సంచీతో నడవలోకి వచ్చింది.

"కాసెల్ వెళ్తున్నాను. ష్టూబ్నర్‌కి మొట్టమొదటి వేషం ఇప్పించింది నేను. నా మాట తీసెయ్యడు. నా కొడుకు బుద్ధి గడ్డి తిని చేశాడు, ఈ ఒక్కసారికీ క్షమించి మళ్ళీ తీసుకోమని అడుగుతాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను."

జరగబోయేది నాకు కళ్ళకి కట్టింది. ఆవిడ ష్టూబ్నర్ గదిలోకి వెళ్తుంది. ఆయన మర్యాదగా కుర్చీ వేయిస్తాడు. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు నోరు బార్లా తెరిచి, ఒక్కొక్క మాటా సాగదీసి, మీ అబ్బాయికి మతి నిలవడం లేదమ్మా అని చెబుతాడు. జన్మలో ఎవర్నీ ఏదీ అడగని మనిషి, అడగకూడని చోట అడిగి, తలవంచుకుని తిరిగొస్తుంది. లోథార్‌కి అది తెలిస్తే ఇక లేవడు.

చెప్పనని నేను మాటిచ్చాను. ఆయన మాత్రం చెప్పేశాడు. అది వీధి మలుపులో రోజూ తెరమీద ఆడుతోంది.

"రైలు సాయంత్రం కదా. ముందు నాతో రండి."

"ఎక్కడికి?"

"బొమ్మకి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నేను ఆవిడ చేతిలో సంచీ లాక్కుని, గుమ్మానికి అడ్డంగా పెట్టి దానిమీద కూర్చున్నాను. ఎంతసేపని నిలబడుతుంది? చివరికి ఒక కన్ను తెరిచింది.

"లే."

"లేవను."

"అందులో నా మంచి టోపీ ఉందే!"

"ఉండనీండి. అత్తయ్యా, మీ అబ్బాయి చేసిన నేరానికి క్షమాపణ అడగబోతున్నారు. ఆ నేరం ఏంటో చూశారా? మీరెప్పుడైనా నాటకం చదవకుండా వేషం వేశారా?"

ఆవిడ రెండో కన్ను కూడా తెరిచింది. నేను కోడలిగా వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడకి నా మాట గుచ్చుకోవడం అదే మొదలు.

"ఎప్పుడూ వెయ్యలేదు" అంది. "పద. ముందే చెబుతున్నా, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకునే కూర్చుంటాను."

అలాగే కూర్చుంది. హాల్లో చుట్టల పొగ, చెమట వాసన, తెర పక్కన పియానో వాయించే బక్కమనిషి. కథానాయిక ప్రియుడి గుండె మీద వాలింది. అత్తయ్య రుమాలు దింపి తెరకేసి పరీక్షగా చూసింది.

"ఈ పిల్ల ఉల్లిపాయల సంగతి మాట్లాడుతోందేంటే?" అంది, నా ఒక్కదానికే వినబడేలా అన్నాననుకుని.

హాలంతా గొల్లుమంది. వెనకనుంచి ఎవరో, "ముసలమ్మా, నోర్ముయ్" అన్నారు. నేను వెనక్కి తిరిగి చూసిన చూపుకి వాడే నోరు మూసుకున్నాడు.

ఓడ మునిగింది. తెరనిండా లోథార్ మొహం వచ్చింది. గోడంత మొహం. పెదవులు విడివడి ఆగాయి. ఆ ఆగడం గాజుశాలలో కంటే ఇక్కడ ఎంతో పొడుగ్గా ఉంది. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఇప్పుడు గనక ఆవిడ కళ్ళు మూసుకుందో, అంతా అయిపోయినట్టే.

ఆవిడ కళ్ళు మూసుకోలేదు.

"అమ్మా" అంది అత్తయ్య. ఆవిడ పెదవులు లోథార్ పెదవులతో పాటు కదులుతున్నాయి. "నేను మానుకుని రాలేదు. నన్ను పంపేశారు." పాతకాలపు రాణి గొంతు అది, ఆఖరి వరసదాకా వెళ్ళే గొంతు. పియానో తడబడి ఆగింది. ఎవరూ నవ్వలేదు. బొమ్మలోదే అనుకున్నారు, మూగబొమ్మకి గొంతివ్వడానికి హాలువాళ్ళే ఎవరినో కూర్చోబెట్టారనుకున్నారు. "మాటలు నిలవడం లేదమ్మా..." అక్కడ ఆవిడ గొంతు పోయింది. తర్వాతవన్నీ పెదవుల మీదే నడిచాయి, చివరి మాటదాకా.

మిగతా బొమ్మలో ఏం జరిగిందో మా ఇద్దరికీ తెలియదు. దీపాలు వెలిగాయి. జనం లేస్తున్నారు. ఆవిడ నావైపు తిరిగింది.

"ష్టూబ్నర్‌కి తెలుసా?"

"తెలుసు."

"నీకు?"

"గూట్లో ఉన్నది నేనే కదా అత్తయ్యా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు శీతాకాలాలు."

"అయితే రెండేళ్ళుగా వాడి వేషాలన్నీ నువ్వే వేశావన్నమాట." కళ్ళు తుడుచుకుంది. "బాగానే వేశావు. కాసెల్ నుంచి ఒక్క చెడ్డమాట కూడా రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ముందు ఏడవడం ఇష్టంలేక లేచి నిలబడ్డాను.

"ఎక్కడికి?"

"అయిపోయింది. రైలుకి..."

"ఏ రైలు? కూర్చో. మళ్ళీ మొదట్నుంచీ వేస్తారుగా? ఇందాక వాడు చెప్పింది చదువుతూ ఉండిపోయాను, వాడు ఎలా చేశాడో చూడనేలేదు."

కూర్చున్నాను. దీపాలు ఆరాయి. ఈసారి ఉల్లిపాయల దగ్గర కూడా ఆవిడ మాట్లాడలేదు. ఆ మొహం వచ్చినప్పుడు ముందుకి వంగి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చివరిదాకా చూసింది.

"ఎడమ భుజం వంచుతున్నాడు" అంది, హాలంతటికీ వినబడేలా. "ఎన్నిసార్లు చెప్పినా అంతే. రేపు పొద్దున్నే నన్ను ఆ గాజుకొంపకి తీసుకెళ్ళు. నువ్వు మాట చూసుకో, నేను భుజం చూసుకుంటాను."